పవర్ బ్యాంకులో గ్రాస్ ఎంత? నెట్ ఎంత?

(కలిగిరిలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అన్నది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు చెప్పింది. ఆ విషయం గురించీ, మన బకాయిల గురించీ నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. చెప్పినదే చెప్పి తమ సమయం వృథా చేయను. కార్యదర్శిగారు నన్ను పిలిచి "మనవాళ్లకు నిత్యం పనికివచ్చే సంగతి ఏదైనా ఒకటి చెప్పండి" అన్నారు. పవర్ బ్యాంకు గురించి చెప్తానన్నాను. ఆయన ఒక క్షణం నా ముఖం చూసి "అదేం బ్యాంకండీ? సీనియర్ సిటిజన్లకు వడ్డీ ఎంత ఇస్తుంది?" అని అడిగారు. అయ్యా, వడ్డీ మాట దేవుడెరుగు. మనం వేసిన అసలులోనే కొంత కోసుకుని, మిగిలినది తిరిగి ఇచ్చే బ్యాంకు అది. ఆ కోత ఎంతో తెలియక నేను పడిన అవస్థ, ఆ తరువాత కూర్చుని వేసుకున్న లెక్క, ఈ రెండే ఈ పూట నేను మనవి చేసుకోదలచినవి.

మనలో చాలామంది చేతిలో ఇప్పుడు టాబ్లెట్ ఉంది. పొద్దునా రాత్రీ మింగే బిళ్లలు కాదు, పలకలాంటి ఆ కంప్యూటరు. ఫోనులో అక్షరాలు మన కళ్లకు ఆనవు. అందుకని బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న పిల్లలు దీనిని కొని పంపుతారు. పేపరు చదవటం, మనవళ్లను చూడటం, రైలు టికెట్టు, బ్యాంకు ఖాతా, జీవన్ ప్రమాణ్ ధ్రువపత్రం, డాక్టరు రాసిచ్చిన చీటీలు అన్నీ అందులోనే. ఇంట్లో ఉన్నంతసేపూ బాధ లేదు, గోడకు ప్లగ్గు ఉంటుంది. ప్రయాణంలో అయితేనే చిక్కు. మన కలిగిరి నుంచి ఎటు వెళ్లాలన్నా బస్సెక్కి కావలికో, నెల్లూరుకో పోయి, అక్కడి నుంచి రైలు అందుకోవాలి. రైలులో ప్లగ్గు ఉన్నా దానిమీద భరోసా పెట్టుకోవటానికి లేదు. అగ్ని ప్రమాదాలు జరగకుండా రాత్రి 11 గంటల నుంచి ఉదయం 5 గంటల వరకు చార్జింగు పాయింట్లకు కరెంటు ఆపివేయాలని 2021 మార్చిలో రైల్వేలు నిర్ణయించాయి. పగటిపూట ఆ ఒక్క ప్లగ్గుకు ఆరుగురు పోటీ.

నా సంగతి చెప్తాను. మా ఆవిడకు కొన్నేళ్ల క్రితం గుండెకు కవాటం మార్చారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. అది ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే. అందుకని నెలనెలా ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించి, ఆ అంకెను బట్టి డాక్టరు మోతాదు మారుస్తుంటారు. ఒకసారి హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపించటానికి బయలుదేరాము. వెనకటి కాగితాల ఫైలు లావుగా ఉంది. "ఈ బరువెందుకు, అన్నిటికీ ఫోటోలు తీసి టాబ్లెట్‌లో పెట్టేశాను గదా" అని ఫైలు ఇంట్లో వదిలేశాను. అంతకు వారం ముందే ఊరి బజారులో ప్లాట్‌ఫారం మీద ఒక పవర్ బ్యాంకు కొన్నాను. దానిమీద 50,000 అని పెద్ద అంకె ఉంది. ధర 450 రూపాయలు. ఇంత పెద్ద అంకె చేతిలో ఉండగా చార్జరు మాత్రం ఎందుకని దానినీ ఇంట్లోనే పెట్టాను.

రాత్రి రైలులో నిద్ర పట్టక టాబ్లెట్‌లో పాత సినిమా చూస్తూ కూర్చున్నాను. ఇందులో తప్పు నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. బ్యాటరీ అయిపోవచ్చింది. పవర్ బ్యాంకు తగిలించాను. గంటన్నర తరువాత చూస్తే ఇరవై శాతం దగ్గర ఆగిపోయింది. చెయ్యి పెడితే కాలుతున్నది. తీసి సంచిలో పెట్టాను. తెల్లవారేటప్పటికి ఆ ఇరవై శాతమూ పోయింది. రైలు ఆలస్యం. స్టేషను నుంచి నేరుగా ఆస్పత్రికే పరుగెత్తాము. మా అమ్మాయి అక్కడికే వచ్చింది. ఆమె దగ్గరా చార్జరు లేదు.

డాక్టరుగారు అడిగినది రెండే మాటలు. "ఇప్పుడు ఏ మోతాదు వాడుతున్నారు? గత మూడు నెలల రీడింగులు ఎంత?" నేను జ్ఞాపకం మీద ఒకటి చెప్పాను. మా ఆవిడ "కాదండీ, వారంలో రెండు రోజులు సగం మాత్ర" అన్నది. ఏ రెండు రోజులో ఇద్దరికీ జ్ఞాపకం రాలేదు. డాక్టరుగారు కోప్పడలేదు. "ఇది అంచనాతో చెప్పే మందు కాదు సార్" అని మాత్రం అని, మళ్లీ రక్తపరీక్ష రాసి, మర్నాడు రమ్మన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నాక మా ఆవిడ అన్న మాట ఈ జన్మకు మరువను. "ముప్పై నాలుగేళ్లు ఊరి కాగితాలన్నీ రాసిన మనిషి, నా మందు సంగతి ఒక కాగితం ముక్క మీద రాసిపెట్టుకోలేకపోయారా?"

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రాత్రి నేను పవర్ బ్యాంకు పెట్టిన సంచి, మా ఆవిడ తలకింద దిండుగా పెట్టుకున్న సంచి. మర్నాడు అమ్మాయి ఇంట్లో బయటకు తీసి చూస్తే దాని డొక్కు విచ్చుకుని, పొట్ట ఉబ్బి ఉన్నది. బోగీలో నిప్పు అంటే ఏమిటో మన నెల్లూరు జిల్లా వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. 2012 జులై 30న తెల్లవారుజామున నెల్లూరు దగ్గర తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీ కాలిపోయి 30 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదానికీ పవర్ బ్యాంకుకూ ఏ సంబంధమూ లేదు. కాని ఆ ఉబ్బిన డబ్బాను చేతిలో పట్టుకున్నప్పుడు నాకు జ్ఞాపకం వచ్చినది ఆ బోగీయే.

మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు దానిని చూసి "తాతా, నువ్వు కొన్నది బ్యాంకు కాదు, బోర్డు తిప్పేసిన చిట్‌ఫండు" అన్నాడు. నాకు సిగ్గేసింది. ట్రెజరీకి పోయే ప్రతి బిల్లునూ ఒకటికి రెండుసార్లు కూడి చూసినవాడిని. ఆ అంకెను మాత్రం కూడి చూడకుండా నమ్మేశాను. ఆ సాయంత్రం వాడి పక్కన కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఏ.సి., డి.సి. అంటే నాకు తెలిసినవి కంటింజెంటు బిల్లులే. అయినా లెక్క మనకు రానంత కష్టమైనది కాదు. తమరు కూడా కాస్త ఓపికతో వినండి.

పవర్ బ్యాంకు మీద 10,000 అనో, 20,000 అనో ఉండే అంకె మిల్లీ ఆంపియర్ అవర్లు. పొట్టిగా ఎం.ఎ.హెచ్. అంటారు. ఇది పుట్టి లెక్క లాంటిది. మన నెల్లూరు పుట్టి అంటే 850 కిలోల ధాన్యం. ఇంకో సీమకు పోతే పుట్టి వేరు. ఏ పుట్టో చెప్పకుండా "పది పుట్లు" అంటే ఎన్ని కిలోలో తెలియదు. అలాగే ఈ ఎం.ఎ.హెచ్. ఎన్ని వోల్టుల దగ్గర కొలిచారో తెలిస్తేగాని అసలు సరుకు ఎంతో తెలియదు. లోపలి సెల్లు సుమారు 3.7 వోల్టులది. డబ్బా మీది అంకె ఆ 3.7 దగ్గర కొలిచినది. కాని కేబులులోకి కరెంటు 5 వోల్టులతోనో, అంతకన్నా ఎక్కువతోనో వస్తుంది. వోల్టులు పెరిగితే ఈ అంకె తగ్గుతుంది. 10,000 కాస్తా 5 వోల్టుల దగ్గర 7,400 అవుతుంది. పైగా అలా మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. చివరికి చేతికి దక్కేది ఆరు వేల పైచిలుకు.

ఇది మనకు కొత్త కాదు. గ్రాసు జీతం వేరు, కోతలన్నీ పోను నెట్టు వేరు. గ్రాసు పెన్షను వేరు, కమ్యుటేషన్ పోను ఒకటో తారీఖున ఖాతాలో పడేది వేరు. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలతో ఉన్నది గ్రాసు. వెనకవైపు చిన్న అక్షరాలతో "రేటెడ్ కెపాసిటీ" అని ఇంకో అంకె ఉంటుంది, అది నెట్టు. మంచి కంపెనీల 10,000 డబ్బా వెనక ఆరు వేల చిల్లర, 20,000 డబ్బా వెనక పన్నెండు వేలు ఆ ప్రాంతంలో అంకె వేసి ఉంటుంది. అది చూసి "మోసం చేశాడు" అనుకోకండి. నెట్టు రాసినవాడే నిజం చెప్పినవాడు. వెనక అంకె అసలు లేని డబ్బాను మాత్రం ముట్టుకోవద్దు.

కిలోల లెక్క కావాలంటే వాట్ అవర్లు చూడాలి. ఎం.ఎ.హెచ్.ను 3.7తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 10,000 అయితే 37. 20,000 అయితే 74. అందులో ఐదో వంతు, అంటే రూపాయికి ఇరవై పైసలు, కోత కింద తీసేయండి. 37కు 30, 74కు 59 మిగులుతాయి. ఇప్పుడు టాబ్లెట్ వైపు చూద్దాము. పది అంగుళాల మామూలు టాబ్లెట్లలో 7,040 ఎం.ఎ.హెచ్. బ్యాటరీ ఉన్నవి చాలా ఉన్నాయి. నాదీ అదే. అది సుమారు 27 వాట్ అవర్లు. యాపిల్ వారి పదో తరం ఐప్యాడుకు 28.6. కనుక 10,000 పవర్ బ్యాంకు టాబ్లెట్‌ను ఒక్కసారి నింపుతుంది. 20,000ది రెండుసార్లు నింపుతుంది. అంతకన్నా ఎక్కువ ఎవరు చెప్పినా నమ్మవద్దు.

ఇక నా 50,000 సంగతి. లోపల వాడే మామూలు గుండ్రటి సెల్లు ఒకటి సుమారు బొటనవేలంత లావుగా, 45 గ్రాములకు తగ్గకుండా ఉంటుంది. అందులో ఎంత మంచిదైనా 3,500 ఎం.ఎ.హెచ్. ఉంటే ఎక్కువ. 50,000 కావాలంటే పదిహేను సెల్లులు ఉండాలి. సెల్లులే 675 గ్రాములు తూగాలి. నేను ఇంటికి వచ్చాక చిల్లరకొట్టుకు పోయి ఆవాలూ జీలకర్రా తూచే త్రాసు మీద దానిని పెట్టించాను. 180 గ్రాములు. కొట్టు ఆయన "ఏం సార్, ఇది కూడా తూకానికి అమ్ముతున్నారా?" అని నవ్వాడు. ఆ త్రాసు పరీక్ష తమరు కూడా చేయవచ్చు. నిజమైన 10,000ది 200, 250 గ్రాముల మధ్య, 20,000ది 350, 450 గ్రాముల మధ్య ఉంటుంది. అంకె పెద్దది, తూకం చిన్నది అయితే అది దొంగ సరుకు. ఎంత చక్కటి రంగు వేసినా త్రాసు అబద్ధం చెప్పదు.

తరువాత చూడవలసినది వేగం. చెరువు ఎంత పెద్దదైనా తూము సన్నదైతే చివరి మడికి నీరు అందదు. ఇంతదాకా చెప్పినది చెరువు. తూము సంగతి డబ్బా మీద "అవుట్‌పుట్" అన్న చోట ఉంటుంది. వోల్టులనూ ఆంపియర్లనూ హెచ్చిస్తే వాట్లు వస్తాయి. 5 వోల్టులు, 1 ఆంపియరు అయితే 5 వాట్లు. ఫోనుకైతే ఏదో సరిపెట్టుకోవచ్చు. 27 వాట్ అవర్ల టాబ్లెట్‌కు ఆరు గంటలు పట్టినా పడుతుంది. మధ్యలో తెర వెలిగించి చూస్తుంటే ఎక్కేది ఎక్కుతుంటే దిగేది దిగుతుంటుంది. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అయితే 10 వాట్లు, మూడు గంటల పైన. టాబ్లెట్‌కు కనీసం 15 వాట్లు కావాలి. 18 లేక 20 వాట్లు, టైప్ సి రంధ్రం, పి.డి. అన్న గుర్తు ఉన్నది తీసుకుంటే నిశ్చింత. ఇక కాలువ లాంటిది కేబులు. తూము పెద్దదైనా కాలువ పూడిపోతే ఏం లాభం? బజారులో ముప్పై రూపాయలకు దొరికే కేబులు వాడి, పవర్ బ్యాంకును తిట్టేవాళ్లను చూశాను. టాబ్లెట్‌తో వచ్చిన కేబులునే సంచిలో పెట్టుకోండి.

పవర్ బ్యాంకు నిండటానికి కూడా సమయం కావాలి. 74 వాట్ అవర్లదాన్ని 10 వాట్ల పాత ఫోను చార్జరుతో నింపితే ఎనిమిది, తొమ్మిది గంటలు. ప్రయాణం రోజు పొద్దున గుర్తొస్తే కుదరదు. పైగా మన పల్లెల్లో కరెంటు ఉన్నప్పుడే పని చక్కబెట్టుకోవాలి. ముందురోజు పగలు, మనం ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడు, నింపి పెట్టుకోవాలి.

ఎంతది కొనాలి అని అడుగుతారు. ఒక్కరే వెళ్తూ, ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణమైతే 10,000 చాలు. భుజానికి బరువు ఉండదు. దంపతులు ఇద్దరు, ఒక టాబ్లెట్, రెండు ఫోనులు అయితే 20,000. నేను రెండోది తీసుకున్నాను. అంతకు మించి మన వయసులో మోయనక్కరలేదు. మంచి 10,000ది వెయ్యి నుంచి పదిహేను వందలు, 20,000ది పదిహేను వందల నుంచి రెండున్నర వేలు అవుతుంది. 450 రూపాయలకు 50,000 ఇస్తానన్నవాడు మన మీద జాలిపడి ఇవ్వటం లేదు.

కొనేటప్పుడు మన ఆఫీసు బుద్ధి వాడాలి. సంతకం, ముద్ర, నంబరు లేని కాగితాన్ని ఏనాడైనా తీసుకున్నామా? పవర్ బ్యాంకులకు బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషను తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2014లో నోటిఫికేషను ఇచ్చింది. డబ్బా మీద బి.ఐ.ఎస్. గుర్తు, ప్రమాణం నంబరు, ఇంగ్లీషు ఆర్ అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలున్న రిజిస్ట్రేషను నంబరు ఉండాలి. ఆ నంబరు కూడా దొంగది అచ్చు వేయవచ్చు గదా అంటారేమో. అది నిజమే. అందుకే బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ నంబరు వేసి చూడాలి. ఏ కంపెనీకి ఇచ్చారో చెప్తుంది. ఆ పేరూ డబ్బా మీది పేరూ కలవాలి. తయారీదారు లేక దిగుమతిదారు చిరునామా, తయారైన నెల, ఎం.ఆర్.పి. కూడా చూడాలి. రెండు మూడేళ్లుగా కొట్టులో పడి ఉన్నది వద్దు. వాడకపోయినా బ్యాటరీకి వయసు మీద పడుతుంది, మనలాగే. జి.ఎస్.టి.తో బిల్లు తప్పక తీసుకోవాలి. బిల్లు ఉంటేనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి గట్టిగా మాట్లాడగలం. నా 450 రూపాయలకు బిల్లు లేదు. అందుకే ఆ డబ్బు మా కుటుంబ చదువుల ఖర్చు కింద రాసుకున్నాను.

ఈ సెల్లుకు ఇంత జాగ్రత్త ఎందుకో రెండు మాటలు. ఇది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ కంపెనీ మొదటిసారి బజారులోకి తెచ్చింది. దీని వెనక ఉన్న పరిశోధనకు 2019లో ముగ్గురికి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. వారిలో జాన్ గుడినఫ్‌గారికి అప్పుడు 97 ఏళ్లు. నోబెల్ అందుకున్నవారిలో అందరికన్నా పెద్ద వయసు ఆయనదే. డెబ్బై దాటగానే "మనకెందుకులే ఈ కొత్తవి" అనేవారికి ఆయనను గుర్తు చేస్తుంటాను. ఈ సెల్లులో రెండు ధ్రువాల మధ్య పలచటి పొర ఒకటి ఉంటుంది. చుట్టూ ఉన్న ద్రవం మండే గుణం కలది. మంచి పవర్ బ్యాంకులో హద్దు మీరి నిండకుండా, వేడెక్కకుండా ఆపే సర్క్యూటు ఉంటుంది. చవకదానిలో మొదట ఎగవేసేది దానినే. గట్టి దెబ్బ తగిలినా, ఎండ వేడికి ఉడికినా, ఆ పొర తెగితే లోపల షార్టై మండుతుంది. ఒక సెల్లు మండితే పక్కదానిని అంటిస్తుంది.

కనుక నింపటానికి పెట్టి నిద్రపోవద్దు. దిండు కింద, పరుపు మీద పెట్టవద్దు. మన జిల్లాలో రోహిణి కార్తె ఎండల్లో కారు లోపల వదలవద్దు. తాళంచెవులు, చిల్లర డబ్బులు ఉన్న జేబులో వేయవద్దు. వాడనప్పుడు సగం చార్జింగుతో చల్లటి చోట ఉంచి, మూడు నెలలకొకసారి నింపుతుండాలి. డొక్కు ఉబ్బినా, వింత వాసన వచ్చినా ఆ క్షణం నుంచి దానిని వాడకూడదు. గుచ్చకూడదు, చెత్తకుండీలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారులదే. పాత ఎలక్ట్రానిక్ సామాను సేకరించే చోట అప్పగించాలి.

పిల్లల దగ్గరకు విమానంలో వెళ్లేవారికి ప్రత్యేకంగా మనవి. పవర్ బ్యాంకును లోపలికి పంపే పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల వరకు అనుమతి ఉంది. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ ముందుగా ఒప్పుకోవాలి. ఆ పైన పనికిరాదు. మన 20,000ది 74 కనుక ఇబ్బంది లేదు. నా 50,000 నిజంగా 50,000 అయి ఉంటే 185 వాట్ అవర్లు. విమానమే ఎక్కనిచ్చేవారు కాదు. అంకె చెరిగిపోయినదానిని సెక్యూరిటీ వాళ్లు తీసి పడేసే వీలుంది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో బుసాన్ దగ్గరి విమానాశ్రయంలో ఒక విమానం కాలిపోయింది. పవర్ బ్యాంకు కారణం అయి ఉండవచ్చునని అక్కడి దర్యాప్తు అధికారులు చెప్పారు. అదే ఏడాది అక్టోబరు 19న ఢిల్లీలో దీమాపూర్ వెళ్లవలసిన విమానంలో, ఇంకా నేల మీద ఉండగానే, సీటు జేబులో ఉన్న పవర్ బ్యాంకు అంటుకుంది. సిబ్బంది వెంటనే ఆర్పారు. దుబాయి మీదుగా అమెరికా వెళ్లేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఎమిరేట్స్ వారు 2025 అక్టోబరు 1 నుంచి మనిషికి ఒక్క పవర్ బ్యాంకునే తీసుకురానిస్తున్నారు. విమానంలో దానిని వాడనివ్వరు, పై అరలో పెట్టనివ్వరు. ఏ విమానమైనా సరే, పవర్ బ్యాంకు కంటికి కనబడే చోట, చేతికి అందేలా ఉంచుకుని, దిగాకనే వాడుకోవటం మంచిది.

ఇంతా చెప్పి, చివరిగా చెప్పవలసినది ఇంకొకటి ఉంది. ఇప్పుడు మా సంచిలో మంచి పవర్ బ్యాంకు ఉంది, చార్జరు ఉంది, కేబులు ఉంది. అయినా మా ఆవిడ మాట పోనివ్వలేదు. ఇదిగో, చొక్కా జేబులో ఈ కాగితం చూడండి. మందు పేరు, ఏ వారం ఎంత మోతాదు, గత మూడు నెలల రీడింగులు, డాక్టరుగారి ఫోను నంబరు, మా అమ్మాయి నంబరు, రైలు టికెట్టు పి.ఎన్.ఆర్. అన్నీ నా దస్తూరీతో రాసి ఉన్నాయి. దీనికి చార్జింగు అక్కరలేదు. ఇలాంటిదే ఇంకొకటి మా ఆవిడ చేతిసంచిలో ఉంటుంది. ప్రయాణానికి ముందురోజు పవర్ బ్యాంకును నింపటానికి పెట్టి, ఆ పక్కనే కూర్చుని ఈ కాగితం తిరగరాస్తాను. మొన్న మళ్లీ హైదరాబాదు వెళ్లినప్పుడు టాబ్లెట్ డెబ్బై శాతంతో ఉంది. డాక్టరుగారు అడగగానే నేను టాబ్లెట్ తెరిచేలోపు మా ఆవిడ సంచిలోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి, "ఇలా ఉంటే మాకు సగం పని తగ్గుతుందమ్మా" అన్నారు. ఆమె నా వైపు చూసింది. ఏమీ అనలేదు.

ఈ సభలో ఉన్నవారికి నాదొక మనవి. ఇంటికి వెళ్లగానే మీ పవర్ బ్యాంకు వెనక చిన్న అక్షరాలు చదవండి. కళ్లు ఆనకపోతే మనవడి చేత చదివించండి. రేటెడ్ కెపాసిటీ లేకపోతే, ఆర్ నంబరు లేకపోతే, త్రాసు ఒప్పుకోకపోతే, పెట్టిన డబ్బు చూసుకుని దానిని దాచుకోవద్దు. లెక్క కుదరనివారు సభ అయ్యాక డబ్బా పట్టుకుని నా దగ్గరకు రండి. కళ్లజోడూ పెన్సిలూ నా దగ్గర ఉన్నాయి.